మెడలో పూలదండ: భగత్ పూరన్ సింగ్ జీ జీవితం



మన ఇళ్ళలో, మన బస్తీలలో ఒక చెడ్డ అలవాటు ఉంది. కాలు ఈడ్చి నడిచే పిల్లవాణ్ణి కుంటోడు అంటాం. చూపు తగ్గిన ముసలాయనను గుడ్డోడు అంటాం. మాట రాని ఆడపిల్లను మూగది అని పిలుస్తాం. ఆ బిడ్డ పుట్టినప్పుడు గురు గ్రంథ్ సాహిబ్ జీ ఎదుట కూర్చుని, హుకమ్‌నామా తీసుకుని, అందులోని మొదటి అక్షరంతో మనమే ఒక పేరు పెట్టాం. ఆ పేరు పోయింది, అవిటితనమే పేరుగా మిగిలింది. ఇంటికి సంబంధం చూసేందుకు ఎవరైనా వస్తే ఆ బిడ్డను వెనక గదిలో ఉంచుతాం. దీవాన్‌కు తీసుకురమ్మంటే, నలుగురిలో ఎందుకులే అంటాం.

ఈ మాట ఎవరినో తప్పుపట్టడానికి రాయడం లేదు. పేదరికంలో, రోజూ కొలిమి వేడిలో బతికే తల్లిదండ్రులకు అలాంటి బిడ్డను సాకడం ఎంత కష్టమో మాకు తెలుసు. కానీ గురువు గారి ఇంట్లో ఈ విషయానికి ఒక దారి ఉంది. ఆ దారిని తన ఒంటితో నడిచి చూపిన ఒక మహానుభావుని జీవితాన్ని ఈ చిన్న పుస్తకంలో మీ ముందు పెడుతున్నాం. ఆయన పేరు భగత్ పూరన్ సింగ్ జీ.

గురుబాణి ఏ దారి చూపింది

గురుబాణి అంతా కవిత్వం. రాగాలలో పాడుకోవడానికి గురువులు, భగతులు రాసిన కవిత్వం. అందులో కుంటివారు, గుడ్డివారు, చెవిటివారు చాలా చోట్ల కనిపిస్తారు. వారిని గురువులు ఎలా చూశారో తెలుసుకోవాలి.

గురు అంగద్ దేవ్ జీ రామ్‌కలీ కీ వార్‌లో ఉన్న ఒక శ్లోకంలో గుడ్డితనం అనే మాటకు అర్థమే మార్చివేశారు. శరీరంలో ఉన్న కొరత మీద నుంచి ఆ మాటను తీసేశారు. దేవుణ్ణి మరిచి దారి తప్పిన మనసుకు దాన్ని తగిలించారు. అంటే, రెండు కళ్ళూ బాగున్న మనమే ఆ మాట పడాల్సి రావచ్చు. గురు అర్జన్ దేవ్ జీ బిలావల్ రాగంలో రాసిన ఒక శబద్‌లో నడవలేనివాడు కొండ దాటే పోలిక వస్తుంది. గురువు సాంగత్యంలో మనిషికి కలిగే ఎదుగుదలను చెప్పడానికి ఆయన ఎంచుకున్న పోలిక అది. కాళ్ళు మంత్రం వేసినట్టు బాగవుతాయని దాని అర్థం చెప్పుకోకూడదు. ఎవరినీ పనికిరానివాడని లెక్కించవద్దనీ, గురువు దగ్గర ఎవరి దారీ మూసుకుపోలేదనీ మనం గ్రహించాలి.

ఈ బోధ ఖాల్సా పంథ్ మాటతీరులోకి కూడా దిగింది. 18వ శతాబ్దంలో సింగులు అడవులలో, గుర్రాల మీద బతికిన కష్టకాలంలో తమకంటూ ఒక భాష అల్లుకున్నారు. దాన్ని ఖాల్సా బోలే అంటారు. గుప్పెడు శనగలను బాదంపప్పు అని పిలుచుకున్న ధైర్యం ఆ భాషది. అందులో చూపు లేని సింగును సూర్మా అన్నారు, అంటే వీరుడు. కుంటి నడక ఉన్నవాణ్ణి సుచాలా అన్నారు, అంటే మంచి నడక గలవాడు. చెవుడు ఉన్నవాణ్ణి మేడ మీద ఉన్నాడని చెప్పుకున్నారు. కింది నుంచి పిలిస్తే పైన ఉన్నవాడికి వినబడదు కదా! ఇందులో కొంచెం నవ్వు ఉంది, కానీ ఎగతాళి లేదు. మనిషిని కిందకు తోసే మాటను తీసి, పైకి లేపే మాటను పెట్టారు. నేటికీ పంజాబ్‌లో చూపు లేని కీర్తనియాలను సూర్మా సింగ్ అని గౌరవంగా పిలుస్తారు. అమృత్‌సర్‌లోని సెంట్రల్ ఖాల్సా యతీమ్‌ఖానాలో చూపు లేనివారికి కీర్తన్ నేర్పే ఆశ్రమానికి కూడా సూర్మా సింగ్ ఆశ్రమమనే పేరు ఉంది.

భగత్ పూరన్ సింగ్ జీ కవి కారు. అయితే గురువుల కవిత్వాన్ని పాడి ఊరుకోకుండా, దాన్ని వీపు మీద మోసిన మనిషి.

తల్లి నేర్పిన చదువు

ఆయన 1904 జూన్ 4న పంజాబ్‌లోని లుధియానా జిల్లా, ఖన్నా దగ్గర రాజేవాల్ గ్రామంలో పుట్టారు. హిందూ కుటుంబం. తల్లిదండ్రులు పెట్టిన పేరు రామ్‌జీ దాస్. తండ్రి ఆ ఊళ్ళో డబ్బు వడ్డీకి ఇచ్చే షాహుకారు. తల్లి మెహతాబ్ కౌర్ వితంతువు. వారిద్దరి మధ్య ఉన్నది లోకం ఒప్పుకున్న పెళ్ళి కాదు. అందుకని ఆ తల్లీ బిడ్డలు చిన్నచూపు ఎరుగుదురు. ఎవరికీ అక్కరలేని పసివాణ్ణి తరువాతి కాలంలో ఆయన గుండెకు హత్తుకున్నారంటే, దాని వేరు ఇక్కడ ఉందని మాకు అనిపిస్తుంది.

తల్లి పెద్దగా చదువుకున్నది కాదు. ఆమె బిడ్డకు నేర్పిన పాఠాలు చాలా చిన్నవి. దారిలో రాయి కనిపిస్తే తీసి పక్కన వేయాలి. మేకు గానీ ముల్లు గానీ కనిపిస్తే ఏరాలి, ఎవరి కాలిలోనో, ఏ ఎద్దు గిట్టలోనో గుచ్చుకుంటుంది. చెట్లకు నీళ్ళు పోయాలి. పిట్టలకు గింజలు వేయాలి. వీటికి డబ్బు అక్కరలేదు, వంగే నడుము ఉంటే చాలు. ఈ అలవాట్లను ఆయన ఎనభై ఏళ్ళు దాటాక కూడా మానలేదు. అమృత్‌సర్ వీధులలో తల వంచుకుని నడుస్తూ, మేకులూ గుర్రపు నాడాల ముక్కలూ అరటి తొక్కలూ ఏరుకుంటూ పోయే ముసలాయనను చూసినవారు ఆ ఊళ్ళో ఎందరో ఉన్నారు.

తండ్రి వ్యాపారం దెబ్బతింది, ఇల్లు పేదదైపోయింది. అప్పుడు ఆ తల్లి ఇతరుల ఇళ్ళలో అంట్లు తోమే పనికి కుదిరింది. మాంట్‌గోమరీలోనూ లాహోర్‌లోనూ పని చేసి, జీతం డబ్బులు కొడుకు చదువుకు పంపింది. కొడుకు ఖన్నాలో ఉండి చదివాడు. కానీ పదో తరగతి గట్టెక్కలేదు. పరీక్ష తప్పిన కొడుకును ఆమె తిట్టలేదు, విసుక్కోలేదు. తన దగ్గరకు లాహోర్‌కు పిలిపించుకుంది. అక్కడ ఆయనకు బడి కంటే పెద్ద చదువు దొరికింది. దయాళ్ సింగ్ లైబ్రరీకి వెళ్ళి గంటల తరబడి పుస్తకాలూ పత్రికలూ చదివేవారు. పరీక్ష తప్పిన ఆ కుర్రవాడు తరువాత జీవితమంతా చదువుతూ, రాస్తూ గడిపారు. మన పిల్లలు బడిలో వెనకబడితే వారి పని అయిపోయిందని అనుకునే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

గురుద్వారా తలుపు

రామ్‌జీ దాస్ సిక్ఖుగా మారిన కథను ఆయన అభిమానులు ఇలా చెప్పుకుంటారు. యవ్వనంలో ఆయన ఊరి నుంచి ఊరికి నడిచి వెళుతూ ఒక రాత్రి ఒక గుడిలో ఆగారు. అక్కడివారు ఆయన చేత గుడి అంతా శుభ్రం చేయించారు. తరువాత వారు కూర్చుని భోజనం చేశారు, ఈయనను రమ్మనలేదు. మరొకసారి అలాగే దారిలో ఒక గురుద్వారాలో ఆగారు. అక్కడ ఆయనది ఏ కులమని ఎవరూ అడగలేదు. ముందు లంగర్ పెట్టారు, తాగడానికి పాలు ఇచ్చారు, పడుకోవడానికి మంచం వేశారు. ఏ వాదనా లేకుండా, ఏ ఉపన్యాసమూ లేకుండా, ఒక పూట అన్నం ఆయన మనసు మార్చింది. ఆయన కేశాలు ఉంచారు, పూరన్ సింగ్ అయ్యారు.

మిషనరీ పని చేసే మాకు ఈ సంగతి ఒక హెచ్చరిక. మేము ఎన్ని ట్రాక్టులు అచ్చు వేసినా, గురుద్వారా తలుపు దగ్గర ఆకలితో నిలబడినవాణ్ణి లోపలికి పిలవకపోతే ఆ కాగితం వృథా.

లాహోర్‌లో ఆయన గురుద్వారా డేరా సాహిబ్‌లో సేవకు చేరారు. గురు అర్జన్ దేవ్ జీ 1606లో షహీదు అయిన చోట ఉన్న గురుద్వారా అది. అక్కడ ఆయనకు జీతం లేదు. నేల ఊడ్చేవారు, నీళ్ళు మోసేవారు, లంగర్‌లో గిన్నెలు కడిగేవారు. ఎవరైనా జబ్బుపడితే, దెబ్బ తగిలితే, వారిని లాహోర్ మేయో ఆసుపత్రికి చేర్చేవారు. 1930లో తల్లి చనిపోయింది. పెళ్ళి చేసుకోకుండా సేవలోనే బతుకుతానని ఆయన ఆమెకు మాట ఇచ్చి ఉన్నారు. ఆ మాట నిలబెట్టుకున్నారు.

ప్యారా సింగ్

1934లో ఒకరోజు ఎవరో డేరా సాహిబ్ గుమ్మం దగ్గర ఒక పిల్లవాణ్ణి వదిలిపెట్టి వెళ్ళిపోయారు. సుమారు నాలుగేళ్ళ వాడు. నడవలేడు. మాట రాదు. తనంతట తాను అన్నం తినలేడు, ఒళ్ళు శుభ్రం చేసుకోలేడు. అలాంటి బిడ్డను తీసుకోవడానికి ఎవరు ముందుకు వస్తారు? గురుద్వారా పెద్దలు ఆ బిడ్డను పూరన్ సింగ్ చేతిలో పెట్టారు.

ఆ రోజు ఆయనకు ముప్పై ఏళ్ళు. ఇల్లు లేదు, భార్య లేదు, చేతిలో పైసా లేదు. పసివాణ్ణి పెంచిన అనుభవం లేదు. అయినా తీసుకున్నారు. ఈ బిడ్డ ఎవరు, ఏ కులం, ఏ మతం, ఏ పాపం చేసి ఇలా పుట్టాడు అని అడగలేదు. మనలో చాలామంది మొదట అడిగే ప్రశ్న అదే కదా! పూర్వజన్మ కర్మ అంటాం, తల్లి చేసిన పాపం అంటాం. ఆ లెక్క చూడవలసినవాడు అకాల్ పురఖ్ ఒక్కడే. మన చేతికి వచ్చింది బిడ్డ, లెక్కల పుస్తకం కాదు.

పూరన్ సింగ్ ఆ బిడ్డకు ప్యారా సింగ్ అని పేరు పెట్టారు. ప్యారా అంటే ముద్దులవాడు. కన్నవారికి బరువై, వీధిలో వదిలేయబడ్డ బిడ్డకు మొట్టమొదట దొరికింది ఒక మంచి పేరు. మందు, అన్నం, బట్ట ఆ తరువాత వచ్చాయి. ఖాల్సా బోలేలో సింగులు చేసిన పనినే ఆయన ఒక్క బిడ్డ విషయంలో చేశారు.

అప్పటి నుంచి పద్నాలుగు ఏళ్ళు ఆ బిడ్డ ఆయన వీపు మీదే పెరిగాడు. ఆయన ఎక్కడికి వెళితే అక్కడికి ప్యారా సింగ్. దీవాన్‌కు వెళితే వీపు మీద. లైబ్రరీకి వెళితే వీపు మీద. రోగిని ఆసుపత్రికి తీసుకువెళ్ళే రోజున కూడా వీపు మీదే. బిడ్డ పెద్దవాడవుతున్నాడు, బరువు పెరుగుతోంది, మోసేవాడి వయసూ పెరుగుతోంది. చేతులతో తినిపించేవారు, స్నానం చేయించేవారు, మలమూత్రాలు ఎత్తేవారు. మెడ చుట్టూ చుట్టుకున్న ఆ బలం లేని రెండు చేతులను ఆయన తన మెడలోని పూలదండగా భావించేవారు.

ఒక్క క్షణం ఇక్కడ ఆగుదాం. గురు అర్జన్ దేవ్ జీ నడవలేనివాడు కొండ దాటే పోలిక రాశారని మొదట చెప్పుకున్నాం. ఆ గురువు గారి షహీదీ స్థానంలోనే, ఆ గుమ్మంలోనే, నడవలేని బిడ్డ ఒకడు దొరికాడు. వాడు కొండ ఎలా దాటాలి? ఇంకొకరి కాళ్ళతో. గురుబాణిలో ఉన్న పోలిక ఆ రోజు నుంచి లాహోర్ వీధులలో నడిచింది. శబద్ పాడటం ఒక సేవ. ఆ శబద్ నిజం కావడానికి మన వీపు అప్పు ఇవ్వడం మరొక సేవ.

1947

దేశం రెండు ముక్కలైంది. లాహోర్ పాకిస్తాన్‌లోకి వెళ్ళింది. ఊచకోతలు, తగలబడుతున్న ఇళ్ళు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని లక్షల మంది అటూ ఇటూ పరిగెత్తారు. కాళ్ళు ఉన్నవారికే దారి దొరకని రోజులవి. ఎంతోమంది తమ ముసలివారిని, రోగులను దారిలో వదులుకోవలసి వచ్చింది. ఆగస్టు నెలలో పూరన్ సింగ్ కూడా సరిహద్దు దాటి అమృత్‌సర్ చేరారు. ఆస్తి ఏమీ తేలేదు. వీపు మీద ప్యారా సింగ్‌ను తెచ్చారు.

అమృత్‌సర్ ఖాల్సా కాలేజీలో శరణార్థుల శిబిరం పెట్టారు. వేలాది మంది. అక్కడ కలరా వంటి రోగాలు, గాయాలు, ఆకలి. తమవారు పోయి ఒంటరిగా మిగిలిన అవిటివారు, ముసలివారు, మతి చలించినవారు అక్కడ చాలామంది ఉన్నారు. వారి బట్టలు ఉతికేందుకు, వారికి ముద్ద పెట్టేందుకు ఎవరూ లేరు. పూరన్ సింగ్ ఆ పని మీద వేసుకున్నారు. ప్యారా సింగ్‌ను చూసుకుంటూనే చుట్టుపక్కల ఇళ్ళకు వెళ్ళి రొట్టెలు అడిగి తెచ్చేవారు, రోగులకు తినిపించేవారు, మురికి బట్టలు ఉతికేవారు.

కొన్ని నెలలకు శిబిరం ఎత్తివేశారు. ఇళ్ళున్నవారు ఇళ్ళకు, బంధువులున్నవారు బంధువుల దగ్గరకు పోయారు. ఎవరూ లేనివారు పూరన్ సింగ్ దగ్గర మిగిలారు. ఆయనకే ఇల్లు లేదు. చెట్ల కింద, రోడ్డు పక్కన, ఎవరూ లేని పాత కట్టడాలలో వారిని ఉంచి, రోజూ బిచ్చమెత్తి పోషించారు. అలా పింగల్‌వాడా మొదలైంది. పింగలా అంటే కుంటివాడు, గురుబాణిలోని మాటే. వాడా అంటే నివాసం, మన తెలుగులో వాడ అన్నట్టే. 1957లో అది అఖిల భారత పింగల్‌వాడా చారిటబుల్ సొసైటీ పేరుతో రిజిస్టర్ అయింది.

బిచ్చపు గిన్నె, అచ్చు యంత్రం

పింగల్‌వాడా పెరిగింది. వీధిలో పడి ఉన్న రోగులు, క్షయ వచ్చినవారు, మతి చెదిరి తిరిగేవారు, వదిలేసిన పసిపిల్లలు అక్కడకు చేరారు. హిందువా, ముస్లిమా, సిక్ఖా అని చూడలేదు. ఖర్చు పెరిగేకొద్దీ ఆయన బిచ్చం కూడా పెరిగింది. ఇంటింటికీ తిరిగి అన్నం, పిండి, పాత బట్టలు అడిగేవారు. దర్బార్ సాహిబ్ గుమ్మం దగ్గర కూర్చునేవారు. సిక్ఖు బిచ్చమెత్తకూడదు కదా అని కొందరికి సందేహం వస్తుంది. తన కడుపు కోసం పని మానుకుని చేయి చాపడం తప్పు. అడగడానికి నోరు లేనివారి కోసం చేయి చాపడం వేరు. అది సేవ. రెండింటికీ ఉన్న తేడాను ఆయన బతుకే చూపించింది. ఆయన వేసుకున్నది ముతక ఖద్దరు, తిన్నది రోగులు తిన్నదే.

మరొక పని కూడా చేశారు. పూరన్ ప్రింటింగ్ ప్రెస్ అనే అచ్చు యంత్రం పెట్టించారు. చవక కాగితం మీద చిన్న చిన్న ట్రాక్టులు అచ్చు వేసి, దర్బార్ సాహిబ్‌కు వచ్చే సంగత్‌కు ఉచితంగా పంచేవారు. అవిటివారి సేవ గురించే కాదు, చెట్లు నరకడం వల్ల వచ్చే నష్టం గురించి, నేల కోసుకుపోవడం గురించి, గాలి నీరు పాడవడం గురించి కూడా రాశారు. ఇవాళ అందరూ మాట్లాడే ఆ విషయాలను ఆయన దశాబ్దాల ముందే రాశారు. ఆ రాతల వెనక కూడా తల్లి ఉంది. దారిలో మేకు తీసినవాడు రేపు ఆ దారిన వచ్చేవాడి కోసం తీస్తాడు. చెట్టు నాటినవాడు కూడా అంతే.

భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 1984లో దర్బార్ సాహిబ్ మీద సైనిక చర్య జరిగినప్పుడు ఆయన దాన్ని తిరిగి ఇచ్చివేశారు. బిరుదు లేకముందు ఎలా ఉన్నారో, ఉన్నప్పుడు అలాగే ఉన్నారు, పోయాక కూడా అలాగే ఉన్నారు. మరునాడు ఉదయం మళ్ళీ రోగుల పక్క సర్దడమే.

1992 ఆగస్టు 5న ఆయన కన్నుమూశారు. ఆ తరువాత డాక్టర్ ఇందర్‌జీత్ కౌర్ గారు పింగల్‌వాడా బాధ్యత తీసుకున్నారు. నేడు అక్కడ వెయ్యి మందికి పైగా నివసిస్తున్నారు. అవిటి పిల్లలకు చదువు చెప్పే బడులు, కృత్రిమ కాళ్ళు చేసి ఇచ్చే కేంద్రం కూడా నడుస్తున్నాయి. గుమ్మంలో వదిలేసిన ఒక్క బిడ్డతో మొదలైన ఇల్లు అది.

మన ఇంటి సంగతి

ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. సికిలీగర్ అనే మాటలోనే సాన పట్టడం, మెరుగు దిద్దడం ఉంది. మన పెద్దలు గురువుల ఫౌజుకు కత్తులు చేశారు, తుప్పు పట్టిన ఇనుముకు మెరుపు తెచ్చారు. తుప్పు పట్టిందని ఇనుప ముక్కను పారేసే సికిలీగర్ లేడు. దాన్ని చేతిలోకి తీసుకుంటాడు, ఎక్కడ పట్టాలో చూస్తాడు, ఏ పనికి వస్తుందో ఆలోచిస్తాడు. ఇనుము మీద ఉన్న ఆ ఓర్పు మన బిడ్డ మీద ఎందుకు ఉండకూడదు?

అవిటితనం మనకు దూరపు సంగతి కూడా కాదు. సాన చక్రం దగ్గర ఎగిరిన ఒక్క నిప్పురవ్వ కంటిలో పడితే చూపు పోవచ్చు. సుత్తి తప్పితే వేలు పోతుంది. రేపు మనలో ఎవరికైనా ఆ స్థితి రావచ్చు. ఈరోజు మనం ఇంకొకరిని పిలిచే పేరుతోనే రేపు మనల్ని పిలుస్తారు.

కాబట్టి మేము మీ ముందు కొన్ని చిన్న విన్నపాలు పెడుతున్నాం.

మొదటిది, పేరు. ఇంట్లో గానీ బస్తీలో గానీ ఎవరినీ అవిటితనంతో పిలవకండి. గురువు గారి ఎదుట పెట్టిన పేరుతో పిలవండి. పిల్లలు ఎగతాళి చేస్తే ఆపండి, సూర్మా అనే మాట వెనక ఉన్న కథ చెప్పండి.

రెండోది, సంగత్. అలాంటి బిడ్డను దీవాన్‌కు తీసుకురండి. నడవలేకపోతే ఎత్తుకుని తీసుకురండి. చూపు లేని పిల్లవాడికి కీర్తన్ నేర్పండి. తబలా పట్టడానికి, హార్మోనియం వాయించడానికి, శబద్ కంఠస్థం చేయడానికి కళ్ళు అక్కరలేదు. చేతులు బాగున్న పిల్లవాడు జోడాఘర్‌లో సంగత్ చెప్పులు సర్దగలడు. లంగర్‌లో కూర్చుని రొట్టె పిండి కలపగలడు. సేవ అందరిదీ. సేవ చేయించుకునేవాడికి కూడా సేవ చేసే హక్కు ఉంది.

మూడోది, చదువు, కాగితాలు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిది ఏళ్ళ వరకు ఉచిత చదువు హక్కు ఇచ్చింది. మన రెండు తెలుగు రాష్ట్రాలలో ప్రభుత్వ డాక్టర్లు చూసి వైకల్య సర్టిఫికెట్ ఇస్తారు. పింఛను కావాలన్నా, బస్సు పాస్ కావాలన్నా అదే మొదటి మెట్టు. సిగ్గుపడి ఆ కాగితం తీసుకోకుండా ఉన్న కుటుంబాలు మనలో ఉన్నాయి. చదువుకున్న యువకులు ఒక్క రోజు పని మానుకుని వారిని వెంట తీసుకువెళితే, అది కూడా వీపు మీద మోయడమే.

నాలుగోది, తల్లికి తోడు. అవిటి బిడ్డ ఉన్న ఇంట్లో భారమంతా తల్లి మీదే పడుతుంది. భగత్ జీ మగవారు. అయినా బిడ్డ మలం ఎత్తారు, ఒళ్ళు కడిగారు, ముద్ద తినిపించారు. ఇది ఆడవారి పని అని చెప్పే తండ్రులు, అన్నలు, బాబాయిలు ఆయన ఫోటో ముందు ఒక్కసారి నిలబడి ఆలోచించాలి.

అందరం పింగల్‌వాడా కట్టలేం. పద్నాలుగు ఏళ్ళు ఒకరిని వీపు మీద మోయగల బలం మనందరికీ ఉండదు. కానీ దారిలోని మేకు తీయడానికి ఎంత బలం కావాలి? ఒక బిడ్డను అసలు పేరుతో పిలవడానికి ఎంత డబ్బు కావాలి? భగత్ పూరన్ సింగ్ జీ బతుకు అలాంటి చిన్న పనులతోనే మొదలైంది. వాటిని నేర్పింది అంట్లు తోముకుని బతికిన ఒక పేద తల్లి. అలాంటి తల్లులు మన ప్రతి బస్తీలోనూ ఉన్నారు.

ప్రతిరోజూ అర్దాస్ చివర మనం సర్బత్ దా భలా కోరుకుంటాం. అందరి మేలు అని దాని అర్థం. ఆ అందరిలో వెనక గదిలో కూర్చున్న బిడ్డ కూడా ఉన్నాడు. ఈసారి అర్దాస్‌కు నిలబడే ముందు ఆ గది తలుపు తీసి, ఆ బిడ్డను తెచ్చి మన పక్కన కూర్చోబెట్టుకుందాం. సద్గురువు మనందరికీ ఆ సేవాభాగ్యం ప్రసాదించాలని వేడుకుంటున్నాం.

వాహెగురు జీ కా ఖాల్సా, వాహెగురు జీ కీ ఫతెహ్!